ప్రాక్సీ పెట్టుకున్నాక మీ సంగతి ఎవరికి తెలుస్తుంది?

కాలేజీలో చదివినవాళ్లకు 'ప్రాక్సీ వేయడం' గురించి వేరే చెప్పక్కర్లేదు. స్నేహితుడు క్లాసుకు రాలేదు. హాజరు పిలిచేటప్పుడు అతని నంబరు రాగానే వెనక బెంచీలోంచి ఇంకొకరు 'ప్రెజెంట్ సార్' అంటారు. రిజిస్టరులో టిక్కు పడిపోతుంది. ఇంటర్నెట్‌లో ప్రాక్సీ సర్వర్ చేసే పనీ ఇదే. మీ బదులు ఇంకో కంప్యూటర్ పలుకుతుంది. వెబ్‌సైటుకు దాని గొంతే వినిపిస్తుంది, దాని ఐపీ చిరునామాయే (నెట్‌లో యంత్రాన్ని గుర్తుపట్టే నంబరు) లాగ్‌లో, అంటే సైటు రాసుకునే చిట్టాలో, పడుతుంది. లెక్చరర్‌కు సంగతి తెలియదు సరే, మీరు ఆ రోజు రాలేదని ప్రాక్సీ వేసిన స్నేహితుడికి మాత్రం నిక్కచ్చిగా తెలుసు. ఆన్‌లైన్ ప్రాక్సీల గురించి మాట్లాడేటప్పుడు జనం వదిలేసేది ఈ స్నేహితుణ్నే.

గోప్యత విషయంలో ఏ ప్రాక్సీని చూసినా రెండు సంగతులు వెతకాలి. మీరెవరు అన్నది ఒకటి, మీరెక్కడికి వెళ్తున్నారు అన్నది రెండోది. ఈ రెండూ కలిసి ఎవరి చేతిలో పడుతున్నాయి? ప్రాక్సీ వాటిని చెరిపేయదు, ఒకరి చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడుతుంది. ఆ చేయి ఎవరిదో, దానికి ఎంత కనిపిస్తుందో తేల్చేది ప్రోటోకాల్, అంటే మీ బ్రౌజరూ ప్రాక్సీ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి. కాబట్టి ఆ మాటలేమిటో ఒక్కొక్కటిగా వినాలి.

ప్రాక్సీ లేనప్పుడు

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ మీదో, ఫోన్‌లో సిమ్ డేటా మీదో బ్యాంకు సైటు తెరిచారనుకుందాం. ముందుగా ఆ పేరుకు ఐపీ చిరునామా ఏమిటని డీఎన్ఎస్ సర్వర్‌ను అడగాలి. మీరు సెట్టింగుల్లో ఏమీ మార్చకపోతే ఆ ప్రశ్న చాలాసార్లు మీ నెట్ కంపెనీ సర్వర్‌కే, యూడీపీ 53వ పోర్టు మీద (యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు, పోర్టు అంటే ఒక్కో పనికి ఉండే తలుపు నంబరు), పోస్టుకార్డులా అందరికీ కనిపించేలా పోతుంది. తర్వాత వచ్చిన చిరునామాకు 443వ పోర్టు మీద టీసీపీ కనెక్షన్, దాని మీద టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్, అంటే డేటాకు వేసే తాళాన్ని ఇద్దరూ కుదుర్చుకోవడం, జరుగుతాయి. హ్యాండ్‌షేక్‌లో బ్రౌజర్ పంపే మొట్టమొదటి సందేశంలో ఎస్ఎన్ఐ అనే గడి ఉంటుంది. ఒకే ఐపీ మీద వందల సైట్లు నడుస్తాయి కాబట్టి తనకు ఏ సైటు కావాలో బ్రౌజర్ ముందే చెప్పాలి. ఎన్‌క్రిప్షన్ తాళం అప్పటికింకా కుదరలేదు, అందుకని ఆ పేరు బట్టబయలుగానే పోతుంది. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 సర్వర్ సర్టిఫికెట్‌ను (సైటు గుర్తింపు పత్రాన్ని) దాచింది గానీ ఈ గడిని దాచలేదు. దాన్ని కూడా దాచే ఈసీహెచ్ పద్ధతి 2023 నుంచి ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో ఉంది, కానీ అవతలి సైటు కూడా దానికి సిద్ధపడి ఉండాలి.

ఈ గడిని చదివే యంత్రాలు మన దగ్గరే ఉన్నాయి. జియో నెట్‌వర్క్ ఎస్ఎన్ఐని చూసి సైట్లను ఆపుతోందని 2019లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు పరీక్షలు చేసి చూపించారు.

అంటే ప్రాక్సీ లేనప్పుడు నెట్ కంపెనీకి మీరు ఏ సైటుకు, ఎప్పుడు వెళ్లారో, ఎన్ని బైట్లు అటూఇటూ పోయాయో తెలుస్తుంది. ఏ పేజీ చూశారో, ఏం టైపు చేశారో తెలియదు. మీరెవరన్నది సరేసరి, సిమ్ మీ పేరు మీదే ఉంది. 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతులు మార్చి ఐపీ వివరాల రికార్డులను కనీసం 2 ఏళ్లు దాచమంది. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీవీ4 (పాత రకం ఐపీ) చిరునామాను ఎంతోమంది వాడుకునే సీజీనాట్ అనే ఏర్పాటు ఉంటుంది. దానివల్ల వెబ్‌సైటుకు మీరు గుంపులో ఒకరిగా కనిపిస్తారు. ఆ క్షణంలో ఆ పోర్టు ఎవరిదో మాత్రం కంపెనీకి తెలుసు. ఈ గుంపు సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

హెచ్‌టీటీపీ ప్రాక్సీ: పేరు ఒకటే, పనులు రెండు

హాస్టళ్లలో, ఆఫీసుల్లో '3128 పోర్టు' లేదా '8080 పోర్టు' అని గోడ మీద రాసి ఉండేది ఈ రకమే. 3128 అనేది స్క్విడ్ అనే పాత, నమ్మకమైన ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎంచుకునే పోర్టు. సైటు తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, లేని హెచ్‌టీటీపీ అయితే ఒకలా, హెచ్‌టీటీపీఎస్ అయితే ఇంకోలా ఇది పనిచేస్తుంది. రెంటికీ పోలికే లేదు.

తాళం లేని సైటైతే, బ్రౌజర్ మామూలుగా 'ఫలానా పేజీ ఇవ్వు' అనే బదులు, సైటు పేరుతో సహా పూర్తి చిరునామా రాసి ప్రాక్సీకి ఇస్తుంది. ప్రాక్సీ దాన్ని చదువుతుంది, తనే వెళ్లి తెస్తుంది, కావాలంటే కాపీ దాచుకుంటుంది, కావాలంటే మారుస్తుంది. దాంతోపాటు రెండు హెడర్లు, అంటే కోరికకు అంటించే వివరాల వరుసలు, చేర్చడం మామూలు. 'వయా' అనేది మధ్యలో తానున్నానని చెబుతుంది. 'ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్' అనేది మీ అసలు ఐపీని చెబుతుంది. స్క్విడ్ సెట్టింగులు మార్చకుండా వాడితే ఈ రెండో హెడర్‌ను పెడుతుంది. హాస్టల్ లోపలి చిరునామా బయటి సైట్లకు ఇలాగే పోయేది. దాచుకోవడానికని పెట్టుకున్న ప్రాక్సీయే చీటీ రాసి పంపుతుందన్నమాట.

తాళం ఉన్న సైటైతే ప్రాక్సీ లోపలికి చూడలేదు. అందుకు 'కనెక్ట్' అనే ఆదేశం ఉంది. బ్రౌజర్ సైటు పేరు, 443 పోర్టు రాసి కనెక్ట్ అని అడుగుతుంది. ప్రాక్సీ ఆ చోటికి టీసీపీ కనెక్షన్ తెరిచి 200, అంటే 'సరే', అని బదులిస్తుంది. అక్కణ్నుంచి అది గొట్టమే. ఇటునుంచి వచ్చిన బైట్లను అటు, అటునుంచి వచ్చినవి ఇటు తోస్తుంది. టీఎల్ఎస్ మీ బ్రౌజర్‌కూ సైటుకూ మధ్యే జరుగుతుంది. ఆ తర్వాత స్క్విడ్ లాగ్‌లో మిగిలేది ఒక్క వరుస. సమయం, కనెక్షన్ ఎన్ని మిల్లీసెకన్లు నిలిచింది, మీ ఐపీ, ఎన్ని బైట్లు, సైటు పేరు. ఇంతకుముందు నెట్ కంపెనీకి తెలిసిన చిట్టా అచ్చంగా ప్రాక్సీ యజమాని చేతికి వచ్చింది.

పోనీ నెట్ కంపెనీకైనా తెలియకుండా పోయిందా అంటే, అదీ లేదు. మీ బ్రౌజర్ నుంచి ప్రాక్సీ దాకా ఉన్న దారి మామూలు టీసీపీ. 'కనెక్ట్, ఫలానా సైటు, 443' అన్న మాట ఆ దారిలో ఎన్‌క్రిప్షన్ లేకుండా పోతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టే ప్రాక్సీ అయితే అవి బేస్64 రూపంలో పోతాయి. అది రహస్య లిపి కాదు, అక్షరాల కూర్పు మార్చడమే. ఎవరైనా ఒక్క ఆదేశంతో వెనక్కి తిప్పేస్తారు. కాబట్టి బయటి దేశంలోని హెచ్‌టీటీపీ ప్రాక్సీని హోటల్ వైఫై నుంచి వాడితే హోటల్ వైఫైకి, నెట్ కంపెనీకి, ప్రాక్సీ యజమానికి, ముగ్గురికీ రెండు సంగతులూ తెలుస్తాయి. చూసేవాళ్లు తగ్గలేదు, పెరిగారు.

ఇక్కడ అమ్మకందార్ల జాబితాల్లో జరిగే ఒక గందరగోళం గురించి గట్టిగా చెప్పాలి. 'హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ' అని రాసి ఉంటే చాలాసార్లు దానర్థం అది కనెక్ట్ ఆదేశాన్ని ఒప్పుకుంటుందని మాత్రమే. ప్రాక్సీ దాకా ఉన్న దారికి కూడా టీఎల్ఎస్ తొడుగు ఉందని కాదు. ఆ తొడుగు నిజంగా ఉండే ప్రాక్సీలూ ఉన్నాయి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాటిని వాడగలవు. కానీ సెట్టింగుల పేజీలో ఐపీ, పోర్టు నింపే మామూలు గళ్లతో అది రాదు. పాక్ అనే చిన్న స్క్రిప్టు ఫైలులో 'ప్రాక్సీ' అనే మాటకు బదులు 'హెచ్‌టీటీపీఎస్' అనే మాట రాయాలి. కొనేముందు అమ్మేవాణ్ని అడగాల్సింది ఈ తేడా గురించే.

పనిచేయకపోవడానికి కారణాలు కూడా ఈ నిర్మాణంలోనే ఉన్నాయి. బ్రౌజర్‌లో సైట్లు వస్తున్నాయి గానీ మెయిల్ యాప్ 993 పోర్టుకు వెళ్లలేకపోతోందంటే, స్క్విడ్ మామూలు సెట్టింగులు కనెక్ట్‌ను 443 లాంటి ఒకటి రెండు పోర్టులకే అనుమతిస్తాయి కాబట్టి. 407 అని వస్తే ప్రాక్సీ పాస్‌వర్డ్ అడుగుతోందని అర్థం. పాస్‌వర్డ్‌లో '@' గానీ ':' గానీ ఉండి, ప్రాక్సీ చిరునామాలో యూజర్‌నేమ్‌తో కలిపి ఒకే వరుసలో రాస్తే అది తప్పుచోట తెగిపోయి 407 మళ్లీమళ్లీ వస్తుంది. '@' బదులు %40, ':' బదులు '%3' పక్కన పెద్ద బడి 'ఏ' అక్షరం రాయాలి. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు నొక్కి ప్రాక్సీ పెడితే అది ఆ ఒక్క వైఫైకే వర్తిస్తుంది, మొబైల్ డేటాకు కాదు. పైగా అది యాప్‌లకు ఒక సూచన మాత్రమే. పాటించేవి పాటిస్తాయి, మిగతావి నేరుగా వెళ్లిపోతాయి. కాల్స్ లాంటి యూడీపీ ట్రాఫిక్ అయితే ఆ ప్రాక్సీ గుండా వెళ్లే వీలే లేదు.

తాళం తెరిచే ప్రాక్సీ

కొన్ని ఆఫీసుల్లో ప్రాక్సీ గొట్టంలా ఊరుకోదు. సైటు పేరుతో అప్పటికప్పుడు తనే ఒక సర్టిఫికెట్ తయారుచేసి మీ బ్రౌజర్‌కు చూపిస్తుంది, సైటుతో వేరే టీఎల్ఎస్ నడుపుతుంది, మధ్యలో అంతా చదువుతుంది. ఇది జరగాలంటే కంపెనీ రూట్ సర్టిఫికెట్, అంటే అది జారీ చేసే సర్టిఫికెట్లన్నిటినీ నమ్మమని చెప్పే పత్రం, మీ యంత్రంలో ముందే ఉండాలి. ఆఫీసు లాప్‌టాప్‌లలో దాన్ని ఐటీ విభాగం వేసి ఇస్తుంది. అనుమానముంటే బ్రౌజర్‌లో చిరునామాకు ఎడమపక్కనున్న గుర్తు (తాళం బొమ్మ లేదా దాని బదులు వచ్చినది) నొక్కి సర్టిఫికెట్‌ను ఎవరు జారీ చేశారో చూడండి. తెలిసిన సర్టిఫికెట్ సంస్థ బదులు మీ కంపెనీ పేరో, ఫైర్‌వాల్ కంపెనీ పేరో ఉంటే ఆ లాప్‌టాప్‌లో బ్యాంకు పని పెట్టుకోకండి. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు, వాడుకరి వేసుకున్న రూట్ సర్టిఫికెట్లను మామూలుగా నమ్మవు. అలాంటి నెట్‌వర్క్‌లో బ్రౌజర్ పనిచేసి యాప్‌లు మొరాయించడం వెనక తరచు ఉండే కారణం ఇదే. ఏ వైఫై అయినా, ఏ 'ఉచిత నెట్' యాప్ అయినా సర్టిఫికెట్ వేసుకోమంటే ఒప్పుకోవద్దు.

సాక్స్: 18 బైట్ల సంభాషణ

సాక్స్ అనే మరో రకం ప్రాక్సీ పద్ధతిని 1992లో డేవిడ్ కోబ్లాస్ ప్రపంచానికి పరిచయం చేశారు. ఇప్పుడు వాడుతున్న ఐదో వెర్షన్ 1996 మార్చిలో ప్రమాణంగా వెలువడింది. దీనికి వెబ్ గురించి ఏమీ తెలియదు. పేజీ, హెడర్, కుకీ (సైటు మీ బ్రౌజర్‌లో దాచే గుర్తు) ఇవేవీ దానికి పట్టవు. ఏ టీసీపీ కనెక్షన్‌నైనా, కొంతవరకు యూడీపీని కూడా, అవతలికి అందిస్తుంది. హెడర్లు చేర్చదు కాబట్టి మీ ఐపీని చీటీ రాసి పంపే బెడద లేదు.

సంభాషణ చాలా పొట్టిది. మొదట మీ ప్రోగ్రామ్ 3 బైట్లు పంపుతుంది: 5, 1, 0. 'ఐదో వెర్షన్, నాకు ఒకే ధ్రువీకరణ పద్ధతి తెలుసు, అది ఏ ధ్రువీకరణా లేకపోవడం' అని. సర్వర్ 2 బైట్లు బదులిస్తుంది: 5, 0. 'సరే' అని. ఇక అసలు కోరిక. ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే సైటుకు 443 పోర్టు కావాలంటే 5, 1, 0, 3, 11, తర్వాత పేరులోని 11 అక్షరాలు, చివర పోర్టుకు 1, 187. పోర్టు ఎలా వచ్చిందంటే 256 కి 187 కలిపితే 443. మొత్తం 18 బైట్లు. ఇందులో నాలుగో బైటు మీద వేలు పెట్టండి. అక్కడ 3 ఉంటే తర్వాత వచ్చేది సైటు పేరు. 1 ఉంటే ఐపీవీ4 చిరునామా, 4 ఉంటే ఐపీవీ6, అంటే కొత్త రకం, చిరునామా.

మీ గోప్యతలో పెద్ద వాటా ఈ ఒక్క బైటులో ఉంది. 3 అయితే పేరును ఐపీగా మార్చే పని ప్రాక్సీ చేస్తుంది, డీఎన్ఎస్ ప్రశ్న అక్కణ్నుంచి పుడుతుంది. 1 అయితే, మీ యంత్రం అప్పటికే మీ నెట్ కంపెనీ డీఎన్ఎస్‌ను అడిగేసి, ఐపీ తెచ్చుకుని, ఆ తర్వాత ప్రాక్సీ దగ్గరకు వచ్చిందని అర్థం. ట్రాఫిక్ అంతా సింగపూర్ మీదుగా పోతున్నా ఎక్కడికి వెళ్తున్నారన్నది ముందే ఇంటి గుమ్మంలో చెప్పేశారు. డీఎన్ఎస్ లీక్ అంటే ఇదే.

నాలుగో వెర్షన్‌లో అసలు పేరు పంపే వీలే లేదు, ఐపీవీ4 మాత్రమే. తర్వాత 4ఏ అనే సవరణలో ఒక ఉపాయం చేశారు. ఐపీ గడిలో మొదటి మూడు అంకెలు సున్నా, నాలుగోది సున్నా కానిది పెడితే, 'ఇది నిజమైన ఐపీ కాదు, అసలు పేరు చివర రాశాను' అని సర్వర్ అర్థం చేసుకుంటుంది. ఐదో వెర్షన్‌లో పేరు పంపే వీలు సూటిగా ఉంది. కానీ దాన్ని వాడాలా వద్దా అన్నది ప్రోగ్రామ్ ఇష్టం. కర్ల్ అనే కమాండ్ ప్రోగ్రామ్‌లో ప్రాక్సీ చిరునామా ముందు 'సాక్స్5' అని రాస్తే పేరును మీ యంత్రమే తేలుస్తుంది, 'సాక్స్5హెచ్' అని చివర ఒక్క హెచ్ చేరిస్తే ప్రాక్సీ తేలుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో కనెక్షన్ సెట్టింగుల అడుగున, సాక్స్5 వాడేటప్పుడు డీఎన్ఎస్‌ను కూడా ప్రాక్సీ గుండా పంపమనే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేసి ఉంచాలి. క్రోమ్ సాక్స్5 విషయంలో పేరునే పంపుతుంది. కానీ దానికి ఇంకో లోటుంది, సాక్స్5 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పద్ధతి దానికి రాదు. ప్రాక్సీ కొనుక్కుని, వివరాలు సరిగ్గా నింపి, 'క్రోమ్‌లో కనెక్ట్ కావడం లేదు' అని అల్లాడేవాళ్లలో చాలామందికి అడ్డం ఇదే.

'సాక్స్5 సురక్షితం' అన్న మాట ప్రకటనల్లో కనిపిస్తే నమ్మకండి. సాక్స్‌లో ఎన్‌క్రిప్షన్ లేదు. పైన చెప్పిన 18 బైట్లూ, పాస్‌వర్డ్ ఉంటే ఆ పాస్‌వర్డూ, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. వేగం గురించి చెప్పేదీ సగమే నిజం. హెచ్‌టీటీపీ ప్రాక్సీలో టీఎల్ఎస్ మొదలయ్యే లోపు ప్రాక్సీ దాకా రెండు రాకపోకలు కావాలి, టీసీపీకి ఒకటి, కనెక్ట్‌కు ఒకటి. సాక్స్5కు మూడు, పాస్‌వర్డ్ ఉంటే నాలుగు. ఒక్కో రాకపోకకు 150 మిల్లీసెకన్లు పట్టే దూరంలో ప్రాక్సీ ఉంటే, ఆ నాలుగింటికే ప్రతి కొత్త కనెక్షన్‌కూ దాదాపు 600 మిల్లీసెకన్లు ఊరికే నిలబడాలి. ఒకసారి గొట్టం తెరుచుకున్నాక రెంటికీ తేడా ఉండదు.

ఎన్‌క్రిప్షన్ లేని లోటును తీర్చే తేలిక మార్గం ఎస్ఎస్‌హెచ్, అంటే దూరపు సర్వర్‌లోకి తాళం వేసిన దారిలో లాగిన్ అయ్యే పద్ధతి. అద్దెకు తీసుకున్న సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అవుతూ, పెద్ద బడి 'డీ' ఆప్షన్‌తో 1080 అని ఇస్తే, మీ లాప్‌టాప్‌లోనే 1080 పోర్టు మీద ఒక సాక్స్ ప్రాక్సీ లేస్తుంది. బ్రౌజర్‌కు 127.0.0.1 (అంటే ఈ యంత్రమే), 1080 అని చెబితే చాలు. ఎన్‌క్రిప్షన్ లేని 18 బైట్లు మీ యంత్రం దాటి బయటికి రావు, దారంతా ఎస్ఎస్‌హెచ్ తాళంలో ఉంటుంది. యూడీపీ మాత్రం దీని గుండా పోదు. ఊరి హోటల్ వైఫై నుంచి తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం అక్కర్లేదు. అజ్ఞాతంగా ఉండాలంటే మాత్రం ఇది పనికిరాదు. ఆ సర్వర్ ఐపీని వాడేది మీరొక్కరే. మొబైల్ నెట్‌లో గుంపులో ఒకరిగా ఉన్నవాళ్లు ఇక్కడికొచ్చి మెడలో శాశ్వతంగా ఒక నంబరు పలక వేసుకున్నట్టే. ప్రతి సైటూ మిమ్మల్ని ఆ నంబరుతో గుర్తుపడుతుంది, సర్వర్ అద్దె మీ కార్డు మీదే పోతోంది.

గొట్టం పక్కనుంచి కారేవి

డీఎన్ఎస్ తర్వాత ఎక్కువగా దెబ్బతీసేది ఐపీవీ6. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో అది విరివిగా వాడుకలో ఉంది. ప్రాక్సీ గానీ వీపీఎన్ (యంత్రం ట్రాఫిక్ మొత్తాన్ని తాళం వేసి మోసే సేవ) గానీ ఐపీవీ4ను మాత్రమే మోస్తూ ఉంటే, ఐపీవీ6 ఉన్న సైట్లకు ఫోన్ నేరుగా వెళ్లిపోగలదు. సీజీనాట్‌లోని ఐపీవీ4లా దీన్ని గుంపు పంచుకోదు, మీ కనెక్షన్‌కు విడిగా కేటాయించిన చిరునామా అది. అంటే దాచుకున్నామనుకున్నప్పుడే మరింత కచ్చితంగా బయటపడతారు.

వెబ్ఆర్‌టీసీది ఇంకో దారి. బ్రౌజర్‌లో వీడియో కాల్స్ కోసం పెట్టిన ఈ ఏర్పాటు, నా బయటి చిరునామా ఏమిటని స్టన్ అనే సర్వర్‌ను యూడీపీ మీద అడుగుతుంది. హెచ్‌టీటీపీ ప్రాక్సీ యూడీపీని మోయదు కాబట్టి ఆ ప్రశ్న నేరుగా పోతుంది, జవాబుగా వచ్చిన అసలు ఐపీ పేజీలోని స్క్రిప్టుకు అందుతుంది. 2015లో దీని మీద నమూనా పేజీ బయటికి వచ్చాక పెద్ద చర్చే జరిగింది. బ్రౌజర్లు ఇంటి లోపలి చిరునామాలను దాచడం తర్వాత నేర్చుకున్నాయి గానీ, ప్రాక్సీ ఉన్నప్పుడు బయటి చిరునామా కారకుండా ఉండాలంటే మీరే ఆపాలి. దానికి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి.

ఇవన్నీ మూసినా మిగిలేది మీరు స్వయంగా చెప్పేది. గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉంటే మీ ఐపీ ఏ దేశానిదైనా గూగుల్‌కు మీరు మీరే. పాత కుకీలు కూడా అంతే. మామూలు బ్రౌజర్ ప్రొఫైల్‌తో ప్రాక్సీ పెట్టుకుంటే, నిన్నటి ఐపీ, ఇవాళ్టి ఐపీ ఒకే మనిషివని కుకీ సాక్ష్యం చెబుతుంది. ప్రాక్సీకి విడిగా ఖాళీ ప్రొఫైల్ పెట్టుకోవాలి.

వెబ్‌సైటు తరఫు ప్రాక్సీలు

ఇంతవరకు మీరు ఎంచుకున్న ప్రాక్సీల గురించి మాట్లాడాం. మీకు తెలియకుండా అవతలి వైపు కూడా ఒకటి ఉంటుంది. సైట్ల ముందు తమ సర్వర్లను నిలబెట్టే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సంస్థల వెనక ఉన్న సైటు తెరిస్తే, మీ టీఎల్ఎస్ తాళం సాధారణంగా ఆ సంస్థ సర్వర్ దగ్గరే విడిపోతుంది. అక్కడ చదవగలిగే రూపంలోకి వచ్చి, మళ్లీ అసలు సర్వర్‌కు పోతుంది. తాళం గుర్తు కనిపించినంత మాత్రాన మీకూ సైటుకూ మధ్య మూడో మనిషి లేడని కాదు.

సైట్లు నడిపేవాళ్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రాక్సీ వెనక ఉన్న సర్వర్‌కు అందరి ఐపీ ఒకటిగానే, అంటే ప్రాక్సీదిగానే కనిపిస్తుంది. అసలు ఐపీ తెలియడానికి ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్ చదువుతారు. ఆ హెడర్‌ను ఎవరైనా రాసి పంపవచ్చు. ప్రతి ప్రాక్సీ తనకు కనిపించిన చిరునామాను కుడివైపు చివర చేరుస్తుంది. కాబట్టి కుడినుంచి లెక్కపెట్టి, మీ సొంత ప్రాక్సీల వరకే నమ్మాలి. ఎడమ చివరిది తీసుకునే కోడ్ రాస్తే, ఎవరైనా ఎవరి ఐపీతోనైనా రావచ్చు. హెచ్‌టీటీపీ కాని ట్రాఫిక్ కోసం 2010లో హెచ్‌ఏప్రాక్సీ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ రచయిత విల్లీ టారో 'ప్రాక్సీ ప్రోటోకాల్' తెచ్చారు. కనెక్షన్ తెరవగానే మొదట ఒక వరుస, వచ్చినవాడి ఐపీ, పోర్టులు, చేరాల్సిన ఐపీతో సహా, గరిష్ఠంగా 107 బైట్లు. ఒకవైపు ఇది పంపుతూ అవతలి వెబ్ సర్వర్‌కు చెప్పకపోతే, ఆ వరుసను అది పాడైన కోరికగా భావించి 400 అనే తప్పు ఇస్తుంది. ఇక దాన్ని ఒప్పుకునే పోర్టును బయటి ప్రపంచానికి తెరిచి ఉంచితే, వచ్చినవాడు ఏ ఐపీ చెప్పుకుంటే అదే మీ లాగ్‌లో పడుతుంది.

ఉచితంగా దొరికేవాటి ఖరీదు

ఇంటి కనెక్షన్ల ఐపీలను డేటాసెంటర్ ఐపీల కన్నా సైట్లు ఎక్కువ నమ్ముతాయి. అందుకని 'రెసిడెన్షియల్ ప్రాక్సీ' అనే సరుకు మార్కెట్లో ఉంది. ఆ ఇళ్లు ఎవరివి? 2015లో హోలా అనే ఉచిత వీపీఎన్ తన వాడుకర్ల కనెక్షన్లనే ఎగ్జిట్ దారులుగా, అంటే ఇతరుల ట్రాఫిక్ బయటికి పోయే చోట్లుగా, డబ్బుకు అమ్ముతోందని బయటపడింది. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే వ్యవస్థను కూల్చింది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఉచిత యాప్‌లు వేసుకున్నవాళ్ల కంప్యూటర్లు వాళ్లకు తెలియకుండానే ప్రాక్సీలుగా మారాయి. దాదాపు 200 దేశాల్లో, 1.9 కోట్లకు పైగా ఐపీ చిరునామాలు. వాటి గుండా ఆర్థిక మోసాలు జరిగాయి. ఆ మోసాల లాగ్‌లో పడ్డ చిరునామాలు ఆ ఇళ్లవి. పోలీసులు ఐపీ పట్టుకుని మొదట వచ్చేది ఆ ఇంటికే. ఉచిత ప్రాక్సీ యాప్ వేసుకునేముందు పిల్లలకు, అమ్మానాన్నలకు చెప్పాల్సింది ఇదే.

రెంటినీ విడదీసే పద్ధతులు

వీపీఎన్ ఒక్కో ప్రోగ్రామ్‌ను కాకుండా యంత్రంలోని ట్రాఫిక్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి మోస్తుంది. దారిలోని వైఫైకి, నెట్ కంపెనీకి మీ గమ్యం కనిపించదు. కానీ మీరెవరు, ఎక్కడికి అన్న రెండూ వీపీఎన్ కంపెనీ దగ్గర కలుస్తాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వీపీఎన్ సంస్థలు వాడుకర్ల పేర్లు, చిరునామాలు, కేటాయించిన ఐపీలు 5 ఏళ్లు దాచాలి. ఆ ఏడాదిలోనే ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ తమ సర్వర్లను భారత్‌లోంచి తీసేశాయి. ఆఫీసులు ఉద్యోగుల కోసం నడిపే వీపీఎన్‌లకు ఈ ఆదేశం వర్తించదని తర్వాత వివరణ వచ్చింది.

ఒకే చేతిలో రెండూ పడకుండా చేయాలంటే కనీసం ఇద్దరు కావాలి, వాళ్లిద్దరూ కుమ్మక్కు కాకూడదు. ఆపిల్ 2021లో తెచ్చిన ప్రైవేట్ రిలే ఈ లెక్కన కట్టినదే. మొదటి సర్వర్ ఆపిల్‌ది, దానికి మీ ఐపీ తెలుసు, సైటు తెలియదు. రెండోది వేరే సంస్థది, దానికి సైటు తెలుసు, మీ ఐపీ తెలియదు. టోర్ అనే అజ్ఞాత నెట్‌వర్క్‌లో మూడు మెట్లు, అంటే మూడు నోడ్లు (సర్వర్లు). మొదటి నోడ్‌కు మీరు తెలుసు, చివరి నోడ్‌కు గమ్యం తెలుసు, మధ్యదానికి రెండూ తెలియవు. టోర్ ప్రోగ్రామ్ మీ యంత్రంలో 9050 పోర్టు మీద, టోర్ బ్రౌజర్ అయితే 9150 మీద, సాక్స్ ప్రాక్సీగానే కూర్చుంటుంది. పేరు బదులు ఐపీ వస్తే, అంటే నాలుగో బైటు 1 అయితే, డీఎన్ఎస్ లీక్ కావచ్చని అది లాగ్‌లో హెచ్చరిస్తుంది కూడా.

టోర్ చివరి నోడ్ నుంచి సైటు దాకా ఉన్న దారికి టోర్ తాళం ఉండదు, సైటు తాళమే ఉండాలి. 2007లో స్వీడన్‌కు చెందిన డాన్ ఎగర్‌స్టాడ్ కొన్ని ఎగ్జిట్ (చివరి) నోడ్లు నడిపి, వాటి గుండా తాళం లేకుండా పోతున్న మెయిల్ ఖాతాల పాస్‌వర్డులను పట్టుకుని వంద దాకా బయటపెట్టారు. వాటిలో పలు దేశాల రాయబార కార్యాలయాలవి ఉన్నాయి, భారత్‌వి కూడా. ఎవరన్నది టోర్ దాచింది. ఏమన్నది దాచడం దాని పని కాదు.

పెట్టుకున్నాక చూసుకోవాల్సింది

ప్రాక్సీ పెట్టకముందు ఐపీ చూపించే ఏదైనా సైటుకు వెళ్లి మీ ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కాగితం మీద రాసుకోండి. పెట్టాక మళ్లీ చూడండి. రెండూ మారాలి, లేదా ఐపీవీ6 అసలు కనిపించకూడదు. తర్వాత డీఎన్ఎస్ లీక్ పరీక్షా పేజీ తెరవండి. అందులో మీ నెట్ కంపెనీ పేరు వస్తే నాలుగో బైటు సంగతి మళ్లీ చూసుకోవాలి. వెబ్ఆర్‌టీసీ పరీక్షలో కాగితం మీది ఐపీ కనిపించకూడదు.

ఆ తర్వాత ప్రాక్సీని కావాలని చంపేయండి. ఎస్ఎస్‌హెచ్ అయితే ఆ కిటికీ మూసేయండి. ఇప్పుడు బ్రౌజర్‌లో కొత్త సైటు తెరిస్తే తప్పు చూపించాలి. పేజీ వచ్చేసిందంటే ప్రాక్సీ పోయినప్పుడల్లా మీకు చెప్పకుండా నేరు దారి పడుతోందన్నమాట. పాక్ ఫైలులో ప్రాక్సీ పేరు తర్వాత సెమికోలన్, దాని పక్కన 'డైరెక్ట్' అనే మాట ఉంటే ఇలాగే జరుగుతుంది. ఆఫీసుల్లో నెట్ ఆగకూడదని ఆ మాట రాస్తారు. మీ పనికి దాన్ని తీసేయాలి.

లాప్‌టాప్ మీద చేయి తిరిగినవాళ్లు ఇంకో అడుగు వేయవచ్చు. యంత్రం నుంచి పోయే, వచ్చే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ తెరిచి, ప్రాక్సీ సర్వర్ ఐపీకి వెళ్లే ప్యాకెట్లను ఫిల్టర్‌తో దాచేసి, పది నిమిషాలు మామూలుగా బ్రౌజ్ చేయండి. తెర మీద మిగిలేవాటిలో ఇంటి రౌటర్‌తో పలకరింపులు, 123 పోర్టు మీద గడియారం సరిచూసుకోవడం, ఆపరేటింగ్ సిస్టమ్ తన అప్‌డేట్ల కోసం చేసుకునే రాకపోకలు ఉంటాయి. 53 పోర్టు మీద మీరు ఇప్పుడే తెరిచిన సైటు పేరు గానీ, యూడీపీ 443 మీద (క్విక్ అనే కొత్త పద్ధతిలో వెబ్ పేజీలు వచ్చే దారి) పెద్ద ప్రవాహం గానీ కనిపిస్తే, అది బ్రౌజర్ నుంచి గొట్టం పక్కగా కారుతున్నదే.